పాత తెరచాప పడవకి ఎంత పెట్టొచ్చు: లెక్క వేసి మరీ బేరమాడే పద్ధతి

పోయిన సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున్నే, నాకు తమ్ముడి వరసయ్యే కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, అన్నాపొలిస్ దగ్గర క్యాటలినా 30 ఒకటి దొరికింది, 1986 మోడల్, 16,500 డాలర్లు అంటున్నాడు, ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంది, సోమవారం ఇంకెవరో చూడ్డానికి వస్తున్నారట, అడ్వాన్స్ ఇచ్చేయనా?"

ఆగమన్నాను. ఆ ఇంకెవరో సోమవారం నిజంగా వస్తే రానీ, అన్నాపొలిస్ ఉన్న ఈ చెసపీక్ బే అఖాతం చుట్టూ పాత పడవలకి కరువా?

తర్వాత ఆరు వారాలు మేమిద్దరం ఏం చేశామో అదే ఇక్కడ రాస్తున్నా. మేరీల్యాండ్, వర్జీనియా వైపు ఉంటూ, వారాంతాల్లో కుటుంబంతో రెండు రాత్రులు నీళ్ల మీద గడపడానికి పాత పడవ కొనాలనుకునే మనవాళ్లని దృష్టిలో పెట్టుకున్నాను కాబట్టి ధరలన్నీ ఈ ప్రాంతానివే. లెక్క వేసే తీరు మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది. హుస్సేన్ సాగర్‌లో లేజర్ డింగీ (ఒక్కరు తోలే చిన్న తెరచాప పడవ) తోలి వచ్చినవాళ్లు ఉంటే మంచిదే, గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. కానీ డింగీకి ఇంజను ఉండదు, బాత్రూం ఉండదు, నలభై ఏళ్ల నాటి వైరింగ్ ఉండదు. క్రూజింగ్ పడవ ధరంతా వాటి దగ్గరే తేలుతుంది.

మొదటి అడుగు: ఒక్క మోడల్ పట్టుకోండి

"30 అడుగుల పడవ ఏదైనా పర్లేదు" అని మొదలుపెడితే ధర ఎప్పటికీ తెలీదు. ధర కట్టాలంటే పోల్చడానికి దాని అన్నదమ్ములు ఉండాలి. క్యాటలినా 30 అనే ఈ 30 అడుగుల మోడల్‌ని 1970ల మధ్య నుంచి 2008 దాకా ఆరు వేలకు పైగా తయారు చేశారు, అందుకే ఏ నెల చూసినా ఈ తీరంలో కొన్ని అమ్మకానికి ఉంటాయి. అదే ఎవరో ఒక ఆసామి తన పెరట్లో కట్టుకున్న పడవో, ఇరవై మాత్రమే చేసి మూతపడిన కంపెనీ పడవో అనుకోండి, ఎంత బాగున్నా దాని ధర అమ్మేవాడి నోట్లోంచి వచ్చిందే. మొదటిసారి కొనేవాళ్లు అటు వెళ్లకండి.

మోడల్ ఒకటే అయినా లోపల రకాలుంటాయి, వాటిని కలిపేయకండి. పాత క్యాటలినా 30ల్లో కొన్నిటికి అటామిక్ ఫోర్ అనే పెట్రోల్ ఇంజను, తర్వాతి వాటికి యూనివర్సల్ డీజిల్ ఇంజను ఉంటాయి. ఈ డీజిల్ లోపల ఉన్నది కుబోటా బ్లాకు, అంటే ట్రాక్టర్ల కంపెనీదే, అందుకే మొండిగా నడుస్తుంది. పెట్రోల్ పడవ ధర చూసి డీజిల్ పడవని బేరమాడితే అమ్మేవాడు నవ్వుతాడు. కీల్, అంటే పడవ పొట్ట కింద నీళ్లలోకి దిగి ఉండే బరువైన రెక్క, అది కూడా అంతే. మామూలు ఫిన్ కీల్‌కి ఐదు అడుగుల పైచిలుకు నీళ్లు కావాలి, వింగ్ కీల్‌కి నాలుగు అడుగుల లోపు చాలు. చెసపీక్ సగటు లోతు 21 అడుగులే, లోపలి పాయల్లో ఇంకా తక్కువ, కాబట్టి ఇక్కడ తక్కువ లోతులో తిరిగే పడవకి కాస్త గిరాకీ ఎక్కువ.

ఇంకో చిన్న పని. పడవ వెనక భాగంలో, కుడివైపు పైన, 12 అక్షరాల నంబరు చెక్కి ఉంటుంది. అమెరికాలో 1972 నవంబరు నుంచి ఇది తప్పనిసరి. 1984 ఆగస్టు తర్వాత తయారైన వాటికి చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరం. ప్రకటనలో ఒక సంవత్సరం, నంబరులో ఇంకోటి ఉంటే అబద్ధమే అనుకోనక్కర్లేదు, చాలామందికి నిజంగానే తెలీదు. మీరు మాత్రం నంబరునే నమ్మండి.

రెండో అడుగు: అమ్ముడైన ధర వెతకండి

వెబ్‌సైట్లలో కనిపించేవన్నీ అడిగే ధరలు. ఎనిమిది నెలలుగా అమ్ముడుపోకుండా పడి ఉన్న పడవ ధర కూడా వాటిలో ఉంటుంది. ఆ ధరకి ఎవరూ కొనలేదు కాబట్టే అది ఇంకా అక్కడుంది! అయినా జనం దాన్ని చూసే తమ పడవకి ధర పెట్టుకుంటారు, వాళ్లని చూసి ఇంకొకళ్లు పెడతారు.

అమ్ముడైన ధరలు బ్రోకర్ల దగ్గర దొరుకుతాయి. యాట్‌వరల్డ్ అనే పడవల అమ్మకాల వెబ్‌సైటులో సభ్యులైన బ్రోకర్లు తాము అమ్మిన పడవ ఎంతకి పోయిందో లోపల నమోదు చేస్తారు, మామూలు జనానికి అది కనబడదు. మర్యాదగా అడిగితే మూడు నాలుగు చదివి వినిపించే బ్రోకర్లు ఉన్నారు, మీరు వాళ్ల ద్వారా కొనే అవకాశం ఉందంటే ఇంకా సంతోషంగా చెబుతారు. సాధారణంగా బ్రోకర్ కమిషన్ 10 శాతం దాకా ఉంటుంది, అది అమ్మేవాడి వాటాలోంచే పోతుంది, అందుకని మీ తరఫున ఒక బ్రోకర్‌ని పెట్టుకోవడానికి మొహమాటపడకండి. బ్యాంకులు, ఇన్సూరెన్సు వాళ్లు చూసే బీయూసీ, జేడీ పవర్ ధరల పట్టికలు కూడా ఉన్నాయి కానీ నలభై ఏళ్ల పడవ విషయంలో వాటిని నేను పెద్దగా పట్టించుకోను. ఈ వయసులో పడవ ధరని సంవత్సరం నిర్ణయించదు, దాన్ని ఎలా చూసుకున్నారన్నది నిర్ణయిస్తుంది.

మాకు 1984 నుంచి 1988 మధ్య డీజిల్ పడవలు నాలుగు దొరికాయి, అన్నీ ఈ బేలోనే, గత రెండేళ్లలో అమ్ముడైనవే: 9,500, 11,800, 12,500, 14,000. కోవిడ్ రోజుల్లో జనం ఎగబడి కొన్నప్పటి ధరలు దొరికితే పక్కన పెట్టేయండి, ఆ ముచ్చట అయిపోయింది.

ఇప్పుడు ఒక్కోదాని ప్రకటన వెతికి చదవాలి. ఇది విసుగు పని, కానీ అసలు పని ఇదే. 14,000 పడవకి మాస్ట్‌ని (తెరచాప కట్టే నిలువు స్తంభాన్ని) పట్టి ఉంచే తీగలన్నీ మూడేళ్ల క్రితం మార్చారట, ముందు తెరచాప కొత్తదట. 9,500 పడవ డెక్ (మనం నడిచే పైభాగం) మెత్తబడిందని వాళ్లే రాశారు. మధ్యలో రెండూ మామూలువి. అంటే ఈ ప్రాంతంలో మామూలు స్థితిలో ఉన్న పడవ ధర 12,000 డాలర్లు. ఈ "మామూలు" అంటే ఏమిటో కాగితం మీద రాసిపెట్టుకోండి: ఇంజను చల్లగా ఉన్నప్పుడు కూడా స్టార్ట్ అవుతుంది, డెక్ గట్టిగా ఉంది, తెరచాపలు పాతవే గానీ పనిచేస్తాయి, తీగలు పదిహేనేళ్లు దాటినవి, పరుపులు మాసిపోయాయి, ఎలక్ట్రానిక్స్ పురావస్తు శాఖవి. ఈ కాగితం ఎందుకో నాలుగో అడుగులో చెబుతా.

మూడో అడుగు: మూడు గంటలు పడవ మీద గడపండి

పాత చొక్కా వేసుకుని, టార్చిలైటు, చిన్న ప్లాస్టిక్ సుత్తి, పాత గుడ్డలు రెండు తీసుకుని వెళ్లండి. భార్యాపిల్లల్ని మొదటిసారి తీసుకెళ్లకండి, పిల్లలు ముందు గదిలోకి దూరి "డాడీ ఇది నా బెడ్" అన్నారంటే మీ బేరం అక్కడితో అయిపోయినట్టే.

వస్తున్నామని ఫోన్ చేసినప్పుడే ఒక మాట చెప్పండి: దయచేసి ఇంజను స్టార్ట్ చేసి ఉంచొద్దు. వెళ్లగానే ముందు ఇంజను మూత తీసి బ్లాకు మీద చెయ్యి పెట్టండి. నా మొదటి పడవ కొన్నప్పుడు నేను వెళ్లేసరికి ఇంజను హాయిగా గుడుగుడుమంటోంది, అమ్మేవాడు నవ్వుతూ "విన్నారా, కుట్టు మిషన్‌లా ఉంది" అన్నాడు, నేనూ నవ్వాను. వారం తర్వాత చల్లటి పొద్దున తాళం తిప్పితే అరగంట మూలిగి తెల్లపొగ కక్కింది. ముప్పై అడుగుల పడవకి కొత్త డీజిల్ ఇంజను పెట్టించాలంటే కూలీతో కలిపి 15,000 నుంచి 20,000 డాలర్లు, అంటే పడవ కంటే ఇంజనుకే ఎక్కువ. అందుకే చెయ్యి పెట్టి చూడమంటున్నా. చల్లగా ఉంటే మీ ఎదురుగా స్టార్ట్ చేయించండి. మొదట కాస్త పొగ వచ్చినా నిమిషంలో తగ్గిపోవాలి, వెనక పైపులోంచి నీళ్లు ఉమ్మినట్టు వస్తూ ఉండాలి. ఇంజను ఎన్ని గంటలు నడిచిందన్న లెక్క కంటే ఎప్పుడెప్పుడు ఆయిల్ మార్చారో రాసుకున్న డైరీ ఉంటే నాకు ఎక్కువ ధైర్యం.

తర్వాత డెక్. ఈ పడవల డెక్ పైనా కిందా ఫైబర్‌గ్లాస్, మధ్యలో ప్లైవుడ్డో బాల్సా చెక్కో ఉంటుంది. డెక్‌కి బిగించిన ప్రతి బోల్టు దగ్గరా ఏళ్ల తరబడి నీరు దిగి ఆ చెక్క కుళ్లిపోతుంది. పైకి మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది, పైన పటారం లోన లొటారం అన్నది ఇలాంటి వాటిని చూసే పుట్టి ఉంటుంది. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అలాగే సుత్తితో మెల్లగా, అరచెయ్యి ఎడంలో, మొత్తం కొట్టుకుంటూ పోవాలి. మంచి చోట "టక్ టక్" అని చురుగ్గా పలుకుతుంది. కుళ్లిన చోట "డొబ్" అని చచ్చిన శబ్దం వస్తుంది. మా వాడు చూసిన పడవలో కుడివైపు, మాస్ట్ తీగలు డెక్‌లోకి దిగే పట్టీ చుట్టూ, రెండు చదరపు అడుగుల మేర ఆ చచ్చిన శబ్దం వచ్చింది. మడమ మీద బరువు వేస్తే కొద్దిగా దిగింది కూడా. అక్కడ కిందికి వెళ్లి, అల్మరా తలుపు తీసి, లోపలి చెక్క మీద టార్చి వేస్తే టీ మరకలా గోధుమరంగు చారలు. నీళ్లు చాలా ఏళ్లుగా దిగుతున్నాయి.

మాస్ట్ సంగతి. ఈ మోడల్‌లో మాస్ట్ డెక్ మీద నిలబడుతుంది, దాని బరువుని లోపలి స్తంభం ఒకటి మోస్తుంది, ఆ స్తంభం కింద ఒక చెక్క దిమ్మ. అది కుళ్లితే స్తంభం కిందికి దిగుతుంది, డెక్ లొట్టపడుతుంది. దీన్ని పట్టుకోవడానికి పరికరాలేం అక్కర్లేదు, బాత్రూం తలుపు వేసి చూడండి. చట్రంలో పట్టేసి మూసుకోకపోతే, లేదా తలుపు పైభాగాన్ని ఎవరో చిత్రిక పట్టి ఉంటే అనుమానించండి. మా వాడి పడవలో తలుపు సాఫీగా పడింది.

పడవ ఒడ్డున ఉంటే కీల్‌కీ పడవ పొట్టకీ అతుకు ఉన్నచోట ముందువైపు చూడండి. చిరునవ్వులా వంపు తిరిగిన పగులు కనిపిస్తుంది. దీన్ని ఇక్కడి జనం "క్యాటలినా చిరునవ్వు" అనే పిలుస్తారు. చూడగానే బీపీ పెంచుకోకండి. ఈ మోడల్‌లో చాలా వాటికి ఉంటుంది, బోల్టులు బిగించి పూడిస్తే ఏళ్లు గడుస్తాయి. అయితే ఆ పగుల్లోంచి తుప్పునీరు కారుతున్నా, లోపల కీల్ బోల్టుల చుట్టూ తుప్పు పొరలుగా లేస్తున్నా, పాత వాటిలో బోల్టుల కింద పెట్టిన ప్లైవుడ్ మెత్తబడినా కథ వేరు. అలాంటి చోట నేను ధర మాట్లాడను, కారెక్కేస్తాను.

ఇక చిన్న పరీక్షలు. తెరచాప అంచున కుట్టుదారాన్ని గోటితో గీకండి, ఎండకి చచ్చిన దారం పుటుక్కుమని తెగుతుంది. గుడ్డని పిడికిట్లో నలిపితే కొత్తది కాగితంలా చప్పుడు చేస్తుంది, అయిపోయినది ఉతికి ఉతికి మెత్తబడిన లుంగీలా ఉంటుంది. పడవ అడుగున నీళ్లలోకి పోయే పైపుల దగ్గరి వాల్వులు ప్రతిదీ తిప్పండి. పాత క్యాటలినాల్లో ఇంట్లో కుళాయిలాంటి గేట్ వాల్వులు పెట్టారు, సగం తిరగవు, బలవంతంగా తిప్పితే చేతికి ఊడొస్తాయి. పడవ నీళ్లలో ఉండగా ఆ ప్రయోగం మాత్రం చేయకండి, మెల్లగా తిప్పి ఆగిపోండి! బాత్రూం పైపుల వాసన తేల్చడానికి వేడినీళ్లలో తడిపిన గుడ్డని పైపు చుట్టూ చుట్టి, చల్లారాక తీసి ముక్కు దగ్గర పెట్టుకోండి. గుడ్డకి వాసన పట్టిందంటే పైపు గోడల్లోంచే కంపు ఊరుతోందని అర్థం, ఎన్ని అగరబత్తులు వెలిగించినా పోదు, పైపులు మార్చాల్సిందే.

అడుగుభాగంలో చిన్న చిన్న బుడగల్లా కనిపిస్తే పెద్దగా భయపడొద్దు, ఆ కాలం ఫైబర్‌గ్లాస్‌లో అవి మామూలే, పడవ వాటివల్ల మునగదు. బేరానికి మాత్రం పనికొస్తాయి.

నాలుగో అడుగు: కూడికలు తీసివేతలు

చాలామంది బోల్తా పడేది ఇక్కడే, అటు కొనేవాళ్లూ ఇటు అమ్మేవాళ్లూ.

అమ్మేవాడి తప్పు: పెట్టిన ఖర్చంతా ధరలో కలిపేస్తాడు. మా పడవ యజమాని పెద్దాయన, పందొమ్మిదేళ్లు ఆ పడవని పెంచాడు, ఫైలు తీసి చూపించాడు, రసీదులన్నీ కలిపితే నలభై వేలు దాటుతుంది. కాకి పిల్ల కాకికి ముద్దు, ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ 1,800 పెట్టి కొన్న చార్ట్‌ప్లాటర్‌కి (దారి చూపించే మ్యాపు తెరకి) రెండేళ్ల తర్వాత బజార్లో విలువ 200, ఎందుకంటే కొనేవాడి ఫోన్‌లోనే అంతకంటే మంచి మ్యాపు ఉంది. నేను వాడే కొలత ఇది: మాస్ట్ తీగలు, తెరచాపలు, ఇంజను భాగాలు లాంటివి ఐదేళ్ల లోపు మార్చినవైతే ఖర్చులో సగానికి కాస్త అటూ ఇటూ కలుపుతా. ఎలక్ట్రానిక్స్, పరుపులు, రంగులు, స్టీరియోలకి నామమాత్రం. ఆయిలూ బ్యాటరీలూ అడుగు పెయింటూ సున్నా, అవి కారుకి గాలి కొట్టించడం లాంటివి.

కొనేవాడి తప్పు ఇంకా తమాషాగా ఉంటుంది. మా వాడు ఇంటికొచ్చి ఎక్సెల్ షీటు తీశాడు. కొత్త తీగలకి 5,000, కొత్త తెరచాపలకి 5,500, వైరింగుకి 2,000, ఇలా రాసుకుంటూ పోతే పెద్దాయనే మనకి ఎదురు డబ్బులివ్వాలని తేలింది. ఎందుకలా వచ్చింది? ఆ 12,000 అనేది ఇప్పటికే పాత తీగలు, పాత పరుపులు, పాత వైరింగు ఉన్న పడవల ధర. అందరి పడవల్లోనూ ఉండే ముసలితనం ఆ ధరలో ఎప్పుడో తీసేశారు, రెండోసారి తీయడానికి మీకు హక్కు లేదు. రెండో అడుగులో రాసుకున్న "మామూలు" కాగితం తీసి, ఈ పడవ దానికంటే ఎక్కడ తక్కువగా ఉందో అంతే తీసేయాలి.

మా లెక్క ఇలా వచ్చింది.

మొదలు 12,000.

కలపాల్సినవి: నాలుగేళ్ల క్రితం 2,600 పెట్టి కుట్టించిన పెద్ద తెరచాపకి 1,000, పనిచేస్తున్న ఆటోపైలట్‌కి 300, చార్ట్‌ప్లాటర్‌కి 200, కొత్త పరుపులకి 200. మొత్తం 1,700.

తీసేయాల్సినవి: డెక్ రిపేరుకి పడవలు బాగుచేసే యార్డు వాళ్లు చెప్పిన 2,400 మొత్తం పోవాలి, ఎందుకంటే మామూలు పడవ డెక్ గట్టిగా ఉంటుంది. తిరగని మూడు వాల్వులకి 1,100, ఇది మునిగిపోయే వ్యవహారం కాబట్టి పైసా వదలం. ముందు తెరచాప చిరిగిపోయే దశలో ఉంది, కొత్తది 2,800, కానీ మామూలు పడవకీ కొత్త తెరచాప ఉండదు కదా, అందుకని సగం, 1,400. చిరునవ్వు పగులుకి ఏమీ తీయలేదు, ఆ నాలుగు పడవలూ నవ్వుతూనే ఉండి ఉంటాయి. మొత్తం 4,900.

12,000కి 1,700 కలిపి 4,900 తీస్తే 8,800. దీన్ని అంగుళం కొలతలా పట్టుకోకండి, అటు పది శాతం ఇటు పది శాతం, అంటే సుమారు 8,000 నుంచి 9,700 మధ్య ఎక్కడ తెగినా న్యాయమే. అడిగింది 16,500 అని గుర్తుంది కదా.

ఇంకోటి కూడా చెప్పాలి. "ఉచితం", "అడ్డికి పావుసేరు" లాంటి పడవలు కనిపిస్తాయి, 1,500కే 30 అడుగుల పడవ! ఇదే లెక్క వేస్తే అలాంటి వాటి ధర సున్నా కంటే కిందికి వెళ్తుంది. మునిగిపోయే పడవని ముక్కలు చేసి పారేయించడానికి వేల డాలర్లు అవుతుంది, ఆ ఖర్చు తప్పించుకోవడానికే చాలామంది ఉచితంగా ఇస్తారు. తుఫాన్లలో దెబ్బతిని వేలంలో అమ్ముడైనవి కూడా తిరిగి తిరిగి ఇక్కడికి వస్తుంటాయి, 2022లో ఇయన్ తుఫాను ఫ్లోరిడాని కొట్టాక ఈ జాగ్రత్త ఇంకా అవసరం. పడవ ఇంతకుముందు ఏ రేవులో ఉండేదో అడగండి, పాత ఇన్సూరెన్సు క్లెయిముల గురించి రాతపూర్వకంగా అడగండి.

ఐదో అడుగు: కాగితాలు, పన్నులు

మనవాళ్లకి ఇక్కడ ఒక మెలిక ఉంది. పెద్ద పడవలు కొన్ని రాష్ట్రం దగ్గర కాకుండా నేరుగా అమెరికన్ కోస్ట్ గార్డ్ దగ్గర నమోదై ఉంటాయి, దాన్ని డాక్యుమెంటెడ్ అంటారు. ఆ నమోదు అమెరికా పౌరులకే ఇస్తారు. మీరు హెచ్1బీ మీద ఉన్నా, గ్రీన్ కార్డు ఉన్నా, పడవ కొనుక్కోవచ్చు, రాష్ట్రంలో టైటిల్, రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు, కానీ ఆ డాక్యుమెంటేషన్ మీ పేరు మీదికి మారదు. అమ్మేవాడే దాన్ని రద్దు చేయించి ఇవ్వాలి, దీనికి వారాలు పట్టొచ్చు, అందుకే ఒప్పందంలో ముందే రాయించండి. ఇలా డాక్యుమెంటెడ్ అయిన పడవ మీద అప్పు ఉందేమో కోస్ట్ గార్డ్ కార్యాలయం నుంచి చిన్న ఫీజుతో ఒక చరిత్ర కాగితం తెప్పించుకుని చూడొచ్చు. అప్పు తీరని పడవ కొంటే ఆ అప్పు పడవతో పాటే మీ ఇంటికి వస్తుంది.

మేరీల్యాండ్‌లో కొన్న ధర మీద 5 శాతం ఎక్సైజ్ పన్ను ఉంటుంది, వర్జీనియాలో 2 శాతం. మీరు పడవని ఎక్కువగా ఎక్కడ ఉంచుతారన్నది లెక్క, ఎక్కడ కొన్నారన్నది కాదు.

ఏనుగుని కొనొచ్చు, మేపడమే కష్టం అంటారు. అన్నాపొలిస్ చుట్టుపక్కల ముప్పై అడుగుల పడవని రేవులో ఉంచడానికే ఏడాదికి 3,500 నుంచి 5,000 దాకా అడుగుతారు, ఇన్సూరెన్సు వేరు, చలికాలం ఒడ్డుకెక్కించడం వేరు. ఇన్సూరెన్సు వాళ్లకి ముందే ఫోన్ చేయండి. ఇంత పాత పడవకి సర్వే రిపోర్టు, అంటే నిపుణుడు తనిఖీ చేసి రాసిన కాగితం, అడుగుతారు, తీగలు పది పదిహేనేళ్లు దాటితే మార్చమనేవాళ్లూ ఉన్నారు. అలా అన్నారంటే ఆ 5,000 మొదటి ఏడాదే మీ జేబులోంచి పోతుంది, పడవ ధర తగ్గకపోయినా మీ బడ్జెట్ మారిపోతుంది.

ఆరో అడుగు: ఆఫర్, సర్వే, రెండో బేరం

బేరం ఎప్పుడు ఆడాలి? అక్టోబరులో. అన్నాపొలిస్ సెయిల్‌బోట్ షో అయిపోతుంది, చలి మొదలవుతుంది, యజమానికి ఇంకో ఆరు నెలల అద్దె, ఒడ్డుకెక్కించే ఖర్చు కళ్లముందు కనిపిస్తుంటాయి. అదే ఏప్రిల్‌లో ఎండ కాయగానే ప్రతివాడికీ పడవ కావాలి.

ఆఫర్ నోటిమాటగా ఇవ్వకండి. రాతలో ఇవ్వండి, సాధారణంగా పది శాతం అడ్వాన్సు బ్రోకర్ ఎస్క్రోలో (బేరం తేలేదాకా డబ్బు దాచే ఖాతాలో) పెడతారు, సర్వే, సీ ట్రయల్ (నీళ్ల మీద పడవని తోలి చూడటం) మీకు నచ్చకపోతే ఆ డబ్బు వెనక్కి రావాలన్న షరతు ఉండాలి. నేరుగా యజమానితోనే కొంటున్నా ఇవే షరతులు రాసుకోండి. మేము మొదట 8,000 అన్నాం, పెద్దాయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. అప్పుడు మా కాగితం ఆయన ముందు పెట్టాం, అమ్ముడైన నాలుగు ధరలు, యార్డు ఇచ్చిన డెక్ కొటేషను, తిరగని వాల్వుల ఫొటో. తిట్టుకుంటూ చదివాడు. "పరుపులకి రెండొందలా, మా ఆవిడ కుట్టించింది" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. మూడు రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేసి 10,000 అన్నాడు. మా గీత దాటింది కానీ సర్వే ఇంకా మిగిలే ఉంది కాబట్టి సరేనన్నాం.

సర్వేయర్‌ని మీరే ఎంచుకోండి, అమ్మేవాడో అతని బ్రోకరో సూచించిన ఒక్క పేరు పట్టుకోకండి. సామ్స్ లేదా నామ్స్ అనే సంఘాల్లో సభ్యుడై ఉంటే ఇన్సూరెన్సు వాళ్లు సులువుగా ఒప్పుకుంటారు. అడుగుకి 25 డాలర్ల లెక్కన మాకు 750 అయింది, పడవని నీళ్లలోంచి ఎత్తించడానికి ఇంకో 400. పది వేల పడవకి ఇంత ఖర్చా అని గొణుక్కోకండి, సర్వే జరిగినంతసేపూ ఆయన పక్కనే ఉండి చూడండి, ఏ పాఠశాలలోనూ దొరకని చదువు అది. మా సర్వేయర్ ఇంజను వెనక, చేత్తో తడిమితే తప్ప తెలియని చోట, పొగ గొట్టం మోచేతిలా వంగే చోట పగులు పట్టాడు, రెయిలింగ్ స్తంభం ఒకటి కింద డెక్ తడిగా ఉందని మీటరు పెట్టి చూపించాడు.

రెండో బేరం ఈ కొత్తగా దొరికిన వాటి మీదే ఆడాలి. ముందే మీకు తెలిసి, ధరలో తీసేసిన డెక్ మరమ్మత్తుని మళ్లీ తెచ్చి తగ్గించమంటే మీ మాటకి విలువ పోతుంది, పెద్దాయన లాంటివాళ్లు అక్కడితో లేచిపోతారు. మేము ఆ గొట్టానికీ స్తంభానికీ కలిపి 700 అడిగాం, ఇచ్చాడు. 9,300 దగ్గర తెగింది.

సీ ట్రయల్‌లో తెరచాపలు ఎత్తి ఊరికే షికారు చేసి రాకండి. ఇంజనుని ఇరవై నిమిషాలు గట్టిగా తోలి ఉష్ణోగ్రత ముల్లు చూడండి, చుక్కానిని రెండు వైపులా చివరిదాకా తిప్పండి, వెనక్కి తోలండి, అది కూడా పనిచేయాలి కదా. గాలికి పడవ వాలినప్పుడు లోపలికి దిగి అడుగున ఎక్కడైనా నీరు చేరుతోందా చూడండి.

చివరిగా ఒప్పందంలో పడవతో పాటు వచ్చే సామానంతా పేరుపేరునా రాయించండి: లంగర్లు ఎన్ని, గొలుసు ఎన్ని అడుగులు, అదనపు తెరచాపలు, లైఫ్ జాకెట్లు, గ్యాసు పొయ్యి, ఇంజను మాన్యువల్. మేము అన్నీ రాశాం, పడవ వెనక కట్టి ఉన్న రబ్బరు డింగీని తప్ప. అది పడవలో భాగమే అనుకున్నాం. డబ్బులిచ్చి తాళాలు తీసుకుని రేవులోకి వెళ్లేసరికి డింగీ లేదు, పెద్దాయన మనవడు దాన్ని ట్రక్కు వెనక వేసి కడుతున్నాడు. కొత్త డింగీకి మా వాడికి 1,400 అయింది.